బొమ్మ రైళ్ళ ట్రాన్స్‌ఫార్మర్లు: చరిత్ర, విలువ కట్టే పద్ధతి

ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి పంపమని సంపాదకవర్గం వారు కోరారు. ఇటువంటి సంచికల్లో మన సభ్యులు సర్వీసు నాటి అనుభవాలు, తీర్థయాత్రా విశేషాలు, బి.పి., షుగరు విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు రాస్తూ ఉంటారు. అవన్నీ అవసరమైనవే. నేను సర్వీసంతా విద్యుత్ శాఖలో, అందులోనూ ఎక్కువ భాగం ట్రాన్స్‌ఫార్మర్ల మరమ్మతు షాపులో గడిపిన వాణ్ణి కనుక నాకు తెలిసిన విద్య గురించే నాలుగు మాటలు రాద్దామనుకున్నాను. అయితే ఇది మనం లారీల మీద ఎక్కించి, పొలం గట్ల పక్కన దిమ్మెల మీద దించిన 11 కె.వి. ట్రాన్స్‌ఫార్మర్ల కథ కాదు. అమెరికాలో పిల్లల బొమ్మ రైళ్ళను నడిపిన చిన్న ట్రాన్స్‌ఫార్మర్ల కథ.

ఇది మనకెందుకని మిత్రులు అడగవచ్చు. దీనికి రెండు కారణాలున్నాయి. మనలో చాలామంది పిల్లలు ఆ దేశంలో స్థిరపడ్డారు. అక్కడ ఇళ్ళ ముందు పాత సామాన్లు పరిచి అమ్మే చోట్ల ఈ నల్లటి పెట్టెలు తరచుగా కనబడతాయి. మనవడి సరదా కోసం కొనేవాళ్ళున్నారు, కొని ఇండియాకు తెచ్చి ఇక్కడి ప్లగ్గులో పెట్టేవాళ్ళూ ఉన్నారు. ఇక రెండో కారణం, పాత వస్తువుకు విలువ కట్టడం ఎలా అన్న ప్రశ్న మన వయసు వారందరి ఇళ్ళలోనూ ఉన్నదే. ఆ ప్రశ్నకు ఈ చిన్న పెట్టె మంచి పాఠం చెబుతుంది.

ట్రాన్స్‌ఫార్మరు రాక ముందు

మైకేల్ ఫారడే విద్యుత్ ప్రేరణ సూత్రాన్ని కనిపెట్టింది 1831లో. 1885లో బుడాపెస్టులో ముగ్గురు హంగేరియన్ ఇంజనీర్లు, 1886లో అమెరికాలోని గ్రేట్ బారింగ్టన్ అనే ఊళ్ళో విలియం స్టాన్లీ, ఆచరణలో పనికివచ్చే ట్రాన్స్‌ఫార్మర్లతో దీపాలు వెలిగించి చూపించారు. ఇదంతా మనం ట్రైనింగులో చదువుకున్నదే. కానీ ఆ తరువాత కూడా చాలా ఏళ్ళు అమెరికా పట్టణాల్లో ఇళ్ళకు డి.సి. కరెంటే వస్తూ ఉండేది. ఎన్నో ఇళ్ళలో అసలు కరెంటే లేదు.

ఇటువంటి కాలంలో, 1900లో, జాషువా లయొనెల్ కోవెన్ అనే యువకుడు న్యూయార్కులో ఒక చిన్న కంపెనీ పెట్టాడు. 1901లో ఆయన చేసిన మొదటి రైలు పిల్లల కోసం తయారైంది కాదు. దుకాణం అద్దాల కిటికీలో గుండ్రంగా తిరుగుతూ దారిన పోయేవారిని ఆకర్షించడానికి చేసిన విద్యుత్ బండి. జనం లోపలి సరుకు వదిలేసి ఆ బండినే అమ్మమని అడగడంతో లయొనెల్ కంపెనీ బొమ్మ రైళ్ళ కంపెనీ అయింది.

ఆ తొలి రైళ్ళు బ్యాటరీలతో నడిచేవి. ఇంట్లో డి.సి. ఉన్నవారు గాజు జాడీల్లో పలుచని గంధకికామ్లం పోసి, అందులో సీసపు రేకులు ముంచి, కరెంటును తగ్గించుకుని వాడే ఏర్పాటు కూడా ఉండేది. పిల్లలు ఆడుకునే గదిలో యాసిడ్ జాడీలు! జర్మనీలో మార్క్లిన్ కంపెనీ బల్బులను సిరీస్‌లో పెట్టి ఇంటి కరెంటుతోనే రైళ్ళు నడిపే సెట్లు అమ్మింది. లోడు లేనప్పుడు ఆ పట్టాల మీద ఎంత వోల్టేజీ నిలుస్తుందో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. ఆ కంపెనీ 1926లో 20 వోల్టుల పద్ధతికి మారింది.

కనుక బొమ్మ రైలు ట్రాన్స్‌ఫార్మరు పుట్టుకలోనే ఒక ధర్మం ఉంది. గోడలోని ప్రమాదకరమైన కరెంటుకూ, పట్టాలు ముట్టుకునే పిల్లవాడి చేతికీ మధ్య అడ్డుగా నిలబడటం దాని మొదటి పని. రైలు నడపడం రెండో పని. విలువ కట్టేటప్పుడు ఈ వరుస మరచిపోరాదని నా అభిప్రాయం.

జెడ్ నుంచి జెడ్.డబ్ల్యు. దాకా

1906లో లయొనెల్ మూడు పట్టాల పద్ధతి ప్రవేశపెట్టింది. మధ్య పట్టా నుంచి కరెంటు ఇంజనులోకి వెళ్ళి, పక్క పట్టాల గుండా తిరిగివస్తుంది. ఇళ్ళకు ఎ.సి. వ్యాపించేకొద్దీ ట్రాన్స్‌ఫార్మర్లు వచ్చాయి. మొదట్లో వాటికి మన ఫ్యాను రెగ్యులేటరుకు ఉన్నట్టు మెట్లు మెట్లుగా ట్యాపులు ఉండేవి. ఒక్కో మెట్టు మార్చినప్పుడు బండి ఒక్క కుదుపు కుదిపి వేగం మార్చుకునేది.

1930ల చివర్లో వచ్చిన ఆర్, వి, జెడ్ రకాలు ఈ కుదుపును పోగొట్టాయి. వీటిలో సెకండరీ చుట్టు మీద ఒక వరుసలో ఇన్సులేషన్ గీకివేసి రాగిని బయటపెట్టారు. మీట తిప్పితే కాంటాక్టు ఆ చుట్ల మీదుగా ఒక్కొక్క చుట్టూ దాటుకుంటూ పోతుంది. వోల్టేజీ దాదాపు నిలకడగా పెరుగుతుంది. మన వేరియాక్ చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. వి రకం 150 వాట్లు, జెడ్ రకం 250 వాట్లు. రెండింటికీ నాలుగేసి మీటలు.

1942లో యుద్ధం కారణంగా అమెరికాలో బొమ్మ రైళ్ళ ఉత్పత్తి ఆగిపోయింది. కంపెనీ నౌకాదళానికి దిక్సూచులు వగైరా చేసిపెట్టింది. 1945లో మళ్ళీ రైళ్ళు మొదలయ్యాయి. 1948లో జెడ్.డబ్ల్యు. వచ్చింది. మొదట 250 వాట్లు, 1950 నుంచి 275 వాట్లు. 1966 దాకా తయారైంది. నల్లని బేకలైట్ పెట్టె, రెండు పక్కలా పెద్ద మీటలు, మధ్యలో రెండు చిన్న మీటలు, అయిదు కిలోల పైచిలుకు బరువు. అమెరికాలో ఆ తరం పిల్లవాడికి జెడ్.డబ్ల్యు. ఉందంటే మన ఊళ్ళో ఆ రోజుల్లో ర్యాలీ సైకిలు ఉన్నట్టే.

డబ్ల్యు అక్షరం ఈల మీటకు గుర్తు. ఇంజను వెనక బొగ్గు పెట్టెలో ఈల 1935లోనే వచ్చింది. రైలు నడిచేది ఎ.సి. మీద. మీట నొక్కినప్పుడు అదే పట్టాల మీదికి కొంచెం డి.సి. కలుపుతారు. బండిలోని రిలే ఎ.సి.కి కదలదు, డి.సి. తగలగానే మూసుకుంటుంది, ఈల మోగుతుంది. వేరే తీగ అక్కరలేదు. మొదట్లో ఈ మీట విడిగా ఉండేది. యుద్ధానంతరం వచ్చిన ఆర్.డబ్ల్యు., వి.డబ్ల్యు., జెడ్.డబ్ల్యు. రకాల్లో లోపలే అమర్చారు. ఈల మోగేటప్పుడు బండి నీరసించకుండా సుమారు అయిదు వోల్టులు అదనంగా ఇచ్చే చుట్టు కూడా పెట్టారు. సిలికాన్ డయోడ్లు మార్కెట్టులోకి రాక ముందు, ఒక లోహపు బిళ్ళ రెక్టిఫయరుతో ఈ పని సాధించిన వారి తెలివికి ఈనాటికీ నమస్కరించాలనిపిస్తుంది.

ఈ కుటుంబంలో మిగిలినవాటిలో ముఖ్యమైనవి: కె.డబ్ల్యు. 190 వాట్లు, టి.డబ్ల్యు. 175 వాట్లు, ఎల్.డబ్ల్యు. 125 వాట్లు, ఆర్.డబ్ల్యు. 110 వాట్లు, 1033 నంబరుది 90 వాట్లు. పోటీ కంపెనీ అయిన ఎ.సి. గిల్బర్ట్ వారి అమెరికన్ ఫ్లయర్ రైళ్ళకు వేరే ట్రాన్స్‌ఫార్మర్లు ఉండేవి. వాటిలో 30బి అనేది 300 వాట్లు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ వాట్లు గోడ నుంచి లోపలికి తీసుకునేవి. పట్టాలకు అందేది అంతకంటే తక్కువ. జెడ్.డబ్ల్యు.కు నాలుగు మీటలున్నాయి కదా అని మీటకు 275 వాట్లు లెక్కవేసే అమ్మకందారులు కూడా ఉన్నారు. కోర్ ఒక్కటే, ప్రైమరీ ఒక్కటే. నలుగురు అన్నదమ్ములు పంచుకునే ఒకే కుండలో అన్నం అది.

వెలుగు, వెనుకబాటు

1950ల మొదటి సగం లయొనెల్‌కు స్వర్ణయుగం. 1953లో అమ్మకాలు మూడు కోట్ల డాలర్లు దాటాయి. ఆ తరువాత టెలివిజన్ వచ్చింది, విమానాలు, రాకెట్లు పిల్లల మనసు దోచాయి. 1956లో జాతీయ రహదారుల చట్టం వచ్చి, నిజమైన ప్యాసింజరు రైళ్ళే అక్కడ తగ్గిపోసాగాయి. రైలు కనబడని చోట బొమ్మ రైలు ఎవరు అడుగుతారు? 1959లో కోవెన్ తన వాటా అమ్మేశాడు. 1965లో కన్నుమూశాడు. 1969లో రైళ్ళ తయారీ హక్కులు జనరల్ మిల్స్ అనే సంస్థ చేతికి వెళ్ళాయి. గిల్బర్ట్ కంపెనీ 1967లో మూతపడింది.

తయారీ తగ్గుతున్న కాలంలోనే సేకరణ పెరిగింది. 1954లో పెన్సిల్వేనియాలో ట్రెయిన్ కలెక్టర్స్ అసోసియేషన్ ఏర్పడింది. స్ట్రాస్‌బర్గ్ ఊళ్ళో వారికి మ్యూజియం ఉంది. యార్క్ పట్టణంలో ఏటా ఏప్రిల్, అక్టోబరు నెలల్లో వారి సంత జరుగుతుంది. వస్తువు స్థితిని బట్టి 1 నుంచి 10 వరకు మెట్లు కట్టిన ఒక పద్ధతిని వారు పాటిస్తారు. 10 అంటే వాడనే వాడని కొత్తది, 7 అంటే చాలా చక్కగా ఉన్నది, 5 అంటే వాడిన గుర్తులున్నా మంచిదే. గ్రీన్‌బర్గ్ పేరుతో ధరల పుస్తకం కూడా వచ్చింది. 1950ల నాటి పిల్లలు పెద్దవారై, చేతిలో డబ్బు ఆడి, చిన్నప్పుడు అందని బొమ్మలు కొనుక్కోవడంతో 1980, 1990 దశకాల్లో ధరలు ఎక్కాయి. ఆ తరానికి వయసు మళ్ళి, సేకరణలు ఒకదాని వెంట ఒకటి సంతకు రావడంతో తరువాతి కాలంలో మామూలు సరుకు ధరలు దిగాయి.

ఒక పెట్టె, మూడు ట్రాన్స్‌ఫార్మర్లు

మా అమ్మాయి పెన్సిల్వేనియాలో ఉంటుంది. నేనూ, మా ఆవిడా అక్కడికి వెళ్ళినప్పుడు పక్కింటి పెద్దావిడ ఒకరోజు మమ్మల్ని పిలిచింది. భర్త పోయి ఏడాదయిందట. బేస్‌మెంటులో ఆయన రైళ్ళ పెట్టెలున్నాయి. ఒక వ్యాపారి వచ్చి, మొత్తానికి కలిపి ఇంత అని ఒక ధర చెప్పి, ట్రాన్స్‌ఫార్మర్లు పాతవి గనుక వాటికి లెక్క లేదన్నాడట. “నాన్నా, మీరు ఒకసారి చూసి చెప్పండి. ఆవిడ రేపు వాటిని ప్లగ్గులో పెట్టి, పనిచేస్తున్నాయని అతనికి చూపిద్దామనుకుంటోంది” అని మా అమ్మాయి అంది.

వెళ్ళి చూశాను. మూడు ఉన్నాయి. ఒకటి 275 వాట్ల జెడ్.డబ్ల్యు., రెండు 1033లు. జెడ్.డబ్ల్యు. పెట్టె అద్దంలా మెరుస్తోంది. దాని వైరును వేళ్ళతో కొద్దిగా వంచేసరికి రబ్బరు ఎండిన మట్టిలా పొడి రాలింది. పెట్టెలోకి దూరే చోట రాగి బయటపడి ఉంది. ఆవిడ పక్కన ఏడేళ్ళ మనవడు నిలబడి, ఎప్పుడు రైలు నడుస్తుందా అని చూస్తున్నాడు. ఆ వైరుతో దాన్ని ప్లగ్గులో పెట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి మనకు పెద్ద ఊహాశక్తి అక్కరలేదు.

ఒక 1033 వైరు మాత్రం కొత్తగా ఉంది. దాని అడుగున ఆయన చేతిరాతతో చిన్న కాగితం అంటించి ఉంది. వైరు మార్చిన తేదీ, ఈల బిళ్ళ తీసి డయోడు పెట్టిన సంగతి అందులో రాశాడు. ఆ మనిషిని నేనెన్నడూ చూడలేదు గాని, ఆ కాగితం చూడగానే మన షాపులో పనిచేసినవాడే అనిపించింది.

పరీక్ష చేసే వరుస

సంతలో ఎద్దును కొనేవాడు రంగు చూసి డబ్బివ్వడు. పళ్ళు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు, వీలైతే కాడికి కట్టి చూస్తాడు. ట్రాన్స్‌ఫార్మరుకూ అదే పద్ధతి. నేను పాటించిన వరుస ఇది.

ముందు ప్లేటు చదవాలి. రకం, వాట్లు, వోల్టులు, సైకిళ్ళు. నయాగరా జలపాతం దగ్గరి విద్యుత్ కేంద్రం 1895లో 25 సైకిళ్ళతో మొదలైంది. అటువంటి ప్రాంతాల కోసం 25 సైకిళ్ళ బొమ్మ ట్రాన్స్‌ఫార్మర్లు కూడా అమ్మారు. ఇంకో సంగతి: 1990ల చివర్లో లయొనెల్ పేరుతోనే కొత్త జెడ్.డబ్ల్యు. వచ్చింది. దానికి కరెంటు వేరే పెట్టెల నుంచి అందుతుంది. పేరొకటే అయినా వస్తువు వేరు. అమ్మేవాడు ఏది చెబుతున్నాడో తెలుసుకోవాలి.

రెండు, పెట్టె. బేకలైట్ పగిలితే అతకదు. మూలల్లో చీలికలు, స్క్రూల దగ్గర బీటలు చూడాలి. మీటలు అసలువేనా, టెర్మినళ్ళ నట్లు అన్నీ ఉన్నాయా, మీద దీపపు గాజులు ఉన్నాయా చూడాలి.

మూడు, వైరు. పొడి రాలుతున్నా, గట్టిపడినా ప్లగ్గులో పెట్టనే కూడదు. పాత వైరు ఉంటేనే అసలు వస్తువు అని వాదించే సేకరణకర్తలు కొందరున్నారు. అలమరలో పెట్టుకుని చూసుకునేవారికి అది సరిపోవచ్చు. కరెంటు పెట్టదలచిన వస్తువుకు వైరు మార్చవలసిందే. పద్ధతిగా మార్చిన వైరు విలువను తగ్గించదు, కొనేవాడికి ధైర్యం ఇస్తుంది.

నాలుగు, చుట్లు. ప్రైమరీకీ సెకండరీకీ, ప్రైమరీకీ కోరుకూ మధ్య ఇన్సులేషన్ చూడాలి. మెగ్గరు లేకపోతే మల్టీమీటరుతో కనీసం షార్టు లేదని తేల్చుకోవాలి. వైరు మార్చిన తరువాత, 100 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బును సిరీస్‌లో పెట్టి కరెంటు ఇవ్వాలి. లోడు లేకుండా బల్బు దేదీప్యమానంగా వెలిగిందంటే లోపల చుట్లు షార్టయినట్టే. మిణుకుమంటే మంచిదే.

అయిదు, కాంటాక్టులు. జెడ్.డబ్ల్యు.లో సెకండరీ మీద దొర్లే చిన్న కార్బన్ చక్రాలుంటాయి. అవి అరిగితే మీట కింది లోహం రాగి చుట్టును గీరుతుంది. చక్రం మార్చడం సులువు. గీరుకుపోయిన చుట్టును బాగు చేయడం కష్టం. ఈ ఒక్క తేడాతో ధర సగానికి పడవచ్చు.

ఆరు, లోడు. రెండు 12 వోల్టుల కారు హెడ్‌లైటు బల్బులు సిరీస్‌లో కట్టి పావుగంట వెలిగించాలి. వోల్టేజీ ఎంత పడింది, పెట్టె ఎంత వేడెక్కింది, గుంయ్‌మనే చప్పుడు పెరిగిందా గమనించాలి. కొంచెం చప్పుడు సహజం. మాడు వాసన సహజం కాదు. చివరగా కొద్ది క్షణాలు షార్టు చేసి బ్రేకరు విడిపోతుందో లేదో చూడాలి. ఈ పాత బ్రేకర్లు నిదానంగా విడిపోతాయి. ఈనాటి ఎలక్ట్రానిక్ ఇంజన్లకు ఆ నిదానం పనికిరాదు. వాటితో వాడేవారు బయట త్వరగా విడిపోయే బ్రేకరు ఒకటి కలపాలి.

మన లైన్‌మన్లకు తెలిసిన ప్రమాదం

రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఒకే పట్టాల మీద వాడేవారికి రెండు చిక్కులున్నాయి. ఒకటి ఫేజింగు. రెండూ ఎదురు ఫేజులో ఉంటే, ఒక్కొక్కటి 20 వోల్టులే అయినా, వాటి రెండు పట్టా ముక్కల మధ్య 40 వోల్టులు నిలుస్తాయి. బండి ఆ అతుకు దాటేటప్పుడు మెరుపులు వస్తాయి. ఒకదాని ప్లగ్గు తిప్పి పెడితే సరిపోతుంది.

రెండోది ఇంతకంటే ప్రమాదకరమైనది. రెండింటి సెకండరీలు పట్టాల ద్వారా కలిసి ఉన్నప్పుడు ఒకదాని ప్లగ్గు గోడలోంచి ఊడదీశామనుకోండి. రెండోది దాని సెకండరీకి కరెంటు ఇస్తుంది. ట్రాన్స్‌ఫార్మరుకు ముందూ వెనకా లేదు. ఆ కరెంటు వెనక్కి నడిచి ప్రైమరీలో సుమారు వంద వోల్టుల దాకా పుట్టిస్తుంది. అంటే, ఊడదీశాను కదా అని ధైర్యంగా చేత్తో పట్టుకున్న ప్లగ్గు పిన్నుల్లో ప్రాణం తీయగల వోల్టేజీ ఉంటుంది. లైను ఆపామనుకుని స్తంభం ఎక్కిన మనిషిని ఏ ఇంటి జనరేటరో వెనక నుంచి కొట్టిన సంఘటనలు మనకు తెలుసు. ఇది సరిగ్గా అదే బ్యాక్ ఫీడ్. అందుకే ఒక సెట్టుకు రెండు చిన్నవాటి కంటే ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మరు మేలు. రెండు పెడితే, రెండింటినీ ఒకే స్విచ్చు బోర్డు మీద పెట్టి కలిపే ఆపాలి.

ఇండియాకు తెచ్చేవారికి

ప్లేటు మీద ఉండేది 115 వోల్టులు, 60 సైకిళ్ళు. మనది 230 వోల్టులు, 50 సైకిళ్ళు. నేరుగా పెడితే క్షణాల్లో మాడిపోతుందని అందరికీ తెలుసు. కానీ 230ని 115కి దించే ట్రాన్స్‌ఫార్మరు పెడితే చాలనుకోవడం సగం నిజమే. వోల్టేజీ అంతే ఉండి సైకిళ్ళు 60 నుంచి 50కి తగ్గితే కోర్‌లో ఫ్లక్స్ 20 శాతం పెరుగుతుంది. కోర్ నిండిపోతుంది, లోడు లేకుండానే కరెంటు పెరుగుతుంది, పెట్టె కాలుతుంది. కనుక వోల్టేజీని కూడా అదే పాళ్ళలో తగ్గించాలి. 115లో ఆరింట అయిదు వంతులు అంటే సుమారు 96 వోల్టులు. 230 నుంచి 96కి దించే ట్రాన్స్‌ఫార్మరు చుట్టించుకుంటే బండి హాయిగా నడుస్తుంది. పట్టాల మీద 20కి బదులు పదహారున్నర వోల్టులు వస్తాయి. మామూలు ఇంజనుకు అది చాలు. 1033కు అమెరికాలో కూడా గరిష్ఠం 16 వోల్టులే.

మూడు విలువలు

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. ఒక పాత ట్రాన్స్‌ఫార్మరుకు మూడు విలువలుంటాయి.

మొదటిది పనివిలువ. అది ఎన్ని వాట్లు, ఎంత భద్రంగా ఇవ్వగలదు అన్నది. బాగా పనిచేసే 1033 కొన్ని పదుల డాలర్లకు దొరుకుతుంది. మంచి జెడ్.డబ్ల్యు. వంద డాలర్ల పైన పలకడం మామూలే. అదే జెడ్.డబ్ల్యు. చుట్లు కాలిపోతే విడిభాగాల ధరే. ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అన్న సామెత దీనికి వర్తించదు.

రెండోది అరుదు విలువ. దీనికి పనితో సంబంధం లేదు. 1957లో లయొనెల్ ఆడపిల్లల కోసం గులాబీ రంగు ఇంజనుతో ఒక సెట్టు చేసింది. ఆడపిల్లలు కూడా నల్ల ఇంజనే కావాలన్నారు కాబోలు, అది అమ్ముడుపోలేదు. ఆ సెట్టుతో వచ్చిన 1043-500 నంబరు ట్రాన్స్‌ఫార్మరు దంతపు రంగులో ఉంటుంది. శక్తి 60 వాట్లే. కానీ దాని నల్ల తమ్ముడి కంటే ఎన్నో రెట్లు ధర పలుకుతుంది. ఆనాడు ఎవరూ కొనకపోవడమే ఈనాడు దాని గొప్ప. ఇటువంటి వస్తువుకు అసలు అట్టపెట్టె ఉంటే ధర ఇంకా పెరుగుతుంది. కొత్తగా ముద్రించిన నకలు పెట్టెలు కూడా వస్తున్నాయి కనుక అట్టపెట్టెను కూడా పరీక్షించాలి.

మూడోది ఇంటి విలువ. దానికి మార్కెట్టులో ధర లేదు, ఉండనక్కరలేదు. కానీ దాన్ని మొదటి రెండింటితో కలపకూడదు. మా నాన్న వాడినది గనుక వెయ్యి డాలర్లు అనేవాడూ, ముసలాయన చెత్త గనుక ఊరికే ఇచ్చేద్దాం అనేవాడూ ఒకే లెక్క తప్పుతున్నారు.

సేకరణ ఇంజన్ల ధరలు దిగిన కాలంలో కూడా జెడ్.డబ్ల్యు.ను అడిగేవాళ్ళున్నారు. దానికి కారణం నాకు స్పష్టమే. అలమరలోని ఇంజను ధర చూసేవాడి మోజు మీద ఆధారపడి ఉంటుంది. మోజు తరంతో పాటు మారుతుంది. ట్రాన్స్‌ఫార్మరు ఈనాటికీ బండి లాగుతోంది.

పక్కింటావిడకు ఈ లెక్కే చెప్పాము. మూడింటినీ విడదీసి, వైర్లు మార్పించాక ధర చెప్పమన్నాము. జెడ్.డబ్ల్యు. చుట్లు, చక్రాలు బాగానే ఉన్నాయి. వ్యాపారి లెక్కలోకి రాదన్న ఆ పెట్టెను, వైరు మార్పించిన తరువాత వేరొకరు మంచి ధర ఇచ్చి తీసుకున్నారు. ఒక 1033 కూడా అమ్మింది. కాగితం అంటించి ఉన్న 1033ను మాత్రం ఆవిడ అమ్మలేదు. మనవడికి ఉంచింది.

మిత్రులకు నా మనవి ఒక్కటే. మన ఇళ్ళలో బొమ్మ రైళ్ళు ఉండకపోవచ్చు. మర్ఫీ రేడియో, హెచ్.ఎం.టి. గడియారం, ఉషా కుట్టు మిషను, పాత ఫ్యాను, స్టెబిలైజరు ఉంటాయి. ఒక సాయంత్రం కూర్చుని ఒక్కొక్కదానికి చిన్న కాగితం రాసి అంటించండి. ఎప్పుడు కొన్నది, ఇప్పుడు పనిచేస్తున్నదా లేదా, ఏ భాగం ఎప్పుడు మార్చినది, ఏ జాగ్రత్త తీసుకోవాలి, ఇంతే. కరెంటు వస్తువు చెడిపోయి ఉంటే ప్లగ్గులో పెట్టవద్దని పెద్ద అక్షరాలతో రాయండి. మన పిల్లలు దాన్ని ఉంచుకుంటారో, అమ్ముకుంటారో వారి ఇష్టం. కనీసం తెలిసి చేస్తారు, ప్రమాదం లేకుండా చేస్తారు. మన షాపులో మరమ్మతు అయిన ప్రతి ట్రాన్స్‌ఫార్మరుకూ టెస్టు రిపోర్టు రాసి సంతకం పెట్టి పంపేవాళ్ళం గదా! ఇంట్లో వస్తువులకు కూడా ఆ ఒక్క సంతకం బాకీ ఉంచవద్దు.